తప్పు అవతలివాడిదే, మరి బిల్లు నా పేరున ఎందుకు?

ప్రశ్న: నేను టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదిన్నర క్రితం ఒకతను రెడ్ సిగ్నల్ దాటుకొచ్చి నా కారును గుద్దాడు. మెడకు, భుజానికి దెబ్బ తగిలి ఒక రాత్రి ఆసుపత్రిలో ఉన్నాను. తప్పు అతనిది కాబట్టి అతని ఇన్సూరెన్సే కట్టాలని నా హెల్త్ కార్డు ఇవ్వలేదు. 14,000 డాలర్ల బిల్లు ఇప్పుడు కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లింది. ఖర్చుకు భయపడి ఫిజియోథెరపీ మానేశాను. పెళ్లి వాయిదా పడింది, ఇంట్లో అమ్మ ఒకటే టెన్షన్. అవతలి కంపెనీ కాగితం మీద సంతకం పెడితే 4,000 డాలర్ల చెక్కు ఇస్తామంటోంది. తీసుకుని ఇండియా వచ్చేయనా?

జవాబు: సంతకం పెట్టకండి. ఇంత రాశారు కానీ అసలు కావాల్సిన ప్రమాదం తేదీ రాయలేదు. ‘ఏడాదిన్నర’ అంటే కోర్టుకు సరిపోదు. టెక్సస్‌లో గాయాల దావాకు గడువు, మీలాంటి కేసులో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 2 ఏళ్లు. ఆలోపు కోర్టులో దావా పడాలి. కంపెనీ దగ్గర క్లెయిమ్ నంబరు ఉన్నంత మాత్రాన గడువు ఆగదు. ‘పరిశీలిస్తున్నాం’ అని అడ్జస్టర్ (కంపెనీ తరఫున క్లెయిమ్ చూసే ఉద్యోగి) మెయిల్ పెట్టినా, మీరు విమానం ఎక్కినా ఆగదు. గడువు దాటాక ఆ అడ్జస్టర్ మీ ఫోన్ ఎత్తాల్సిన పని కూడా ఉండదు. దావా వేయాల్సింది కంపెనీ మీద కాదు, కారు నడిపినతని మీద. సమన్లు కూడా ఆలస్యం చేయకుండా అందించాలి.

తప్పు చేసినవాడు భరించే రాష్ట్రమే, నిజం. అయితే అతని ఇన్సూరెన్స్ వచ్చిన బిల్లును వచ్చినట్టు కట్టదు. అంతా తేలాక ఒకేసారి, మీ సంతకం తీసుకుని ఇస్తుంది. అప్పటిదాకా ఆసుపత్రికి బాకీదారు మీరే. కార్డు జేబులో ఉంచుకుని పంతం పట్టడం మీ తప్పు. మీ హెల్త్ ప్లాన్‌కు పంపి ఉంటే, ఆసుపత్రితో దానికున్న ఒప్పందం రేటుకు బిల్లు చాలావరకు తగ్గేది. తర్వాత ప్లాన్ తను కట్టింది సెటిల్‌మెంట్ నుంచి అడిగేది, అంతే.

ఇంకా ఒక దారి ఉండొచ్చు. ఆసుపత్రి నుంచి రిజిస్ట్రేషన్ రికార్డు తెప్పించండి. పాత విజిట్ వల్లనో మరోలానో మీ ప్లాన్ వివరాలు వాళ్ల దగ్గర ఉండి, ప్లాన్‌తో ఆసుపత్రి ఒప్పందంలో వేరే గడువు లేకుంటే, చికిత్స తర్వాత 11వ నెల మొదటి తేదీలోపు ప్లాన్‌కు బిల్లు పంపాలి. పంపకపోతే ప్లాన్ కట్టవలసిన సొమ్మును మీ దగ్గర వసూలు చేయకూడదు. కలెక్షన్ వాళ్ల నోటీసు అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. ఫోన్‌లో వాదిస్తే లాభం లేదు.

మీ కారు పాలసీ కూడా తీసి చూడండి. వద్దని రాసి సంతకం పెడితే తప్ప టెక్సస్ పాలసీలో పీఐపీ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, అంటే మీ గాయాల ఖర్చుకు మీ పాలసీయే ఇచ్చే కవరేజీ) ఉంటుంది. ఎవరి తప్పైనా కనీసం 2,500 డాలర్లు వస్తాయి. ప్రీమియం తగ్గుతుందని మనవాళ్లు చూడకుండా వద్దనేస్తారు. కంపెనీ ‘మీకు లేదు’ అంటే, మీరు వద్దన్న కాగితం చూపించమనండి.

ఇక ఆ చెక్కు. వాళ్లిచ్చే కాగితం రిలీజ్, అంటే ఇక ఏమీ అడగనని రాసివ్వడం. దాని మీద సంతకం పడితే రేపు భుజానికి ఆపరేషన్ కావాల్సి వచ్చినా ఇంకేమీ రాదు. పైగా ప్రమాదం జరిగిన 72 గంటల్లోపు చేర్చుకున్న ఆసుపత్రి కౌంటీ క్లర్క్ దగ్గర లీన్ (మీ పరిహారంలో తన బాకీకి హక్కు) దాఖలు చేసి ఉంటే, వచ్చే సొమ్ములో సగం దాకా వాళ్లకే పోవచ్చు. మీకు 2,000 మిగిలి, బాకీ 12,000 నిలిచే ఉంటుంది. అతని పాలసీ కనీసపుదే అయినా ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్ల దాకా ఇస్తుంది. మరి 4,000కే ఎందుకు తొందర పెడుతున్నారో ఆలోచించండి.

మీ కేసులో బలహీనమైన చోటు ఆపేసిన ఫిజియోథెరపీ. ‘నయమైంది కాబట్టే మానేశాడు’ అంటారు. ఈ వారమే డాక్టరు దగ్గరకు వెళ్లి నొప్పి సంగతి రికార్డులో రాయించండి. ప్రమాదం మీద పోలీసులు రాసే సీఆర్-3 రిపోర్టు, ఫొటోలు, సాక్షుల నంబర్లు ఒకచోట పెట్టండి. తప్పులో మీ వాటా సగానికి మించిందని తేలితే పైసా రాదు. అందుకే అవతలి అడ్జస్టర్ ఫోన్‌లో మీ మాటలు రికార్డు చేస్తానంటే ఒప్పుకోకండి.

టెక్సస్‌లో గాయాల కేసులు చూసే లాయర్లు ముందుగా ఫీజు అడగరు. గెలిస్తే సాధారణంగా మూడో వంతో, కొంచెం ఎక్కువో తీసుకుంటారు. పోలీసు రిపోర్టులో తేదీ చూసుకుని, టికెట్ బుక్ చేసేలోపే ఒకరిని కలవండి.