గూడ్స్ బండి మాటలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ గూడ్స్ బళ్ళ గురించే. గూడ్స్ గార్డుగా చేసి రిటైరైన మనిషిని కాబట్టి సంపాదకులు ఈ కట్ట నాకు ఇచ్చారు. చాలా సంతోషంగా రాస్తున్నాను.

ప్రశ్న: మా తాతగారు పసుపు వ్యాపారం చేసేవారు. ఆయన 1958 నాటి ఖాతా పుస్తకంలో ‘దుగ్గిరాల నుంచి హౌరాకి 40 బస్తాలు, సెల్ఫ్ ఆర్.ఆర్., టు పే, ఓనర్స్ రిస్క్’ అని ఉంది. సెల్ఫ్ అంటే ఆయన సరుకు ఆయనకే పంపుకున్నట్టా? పక్కనే ‘వార్ఫేజి గొడవ’ అని కూడా రాశారు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాగితం మీద అంతేనమ్మా, ఆయన పేరుకే బుక్ చేశారు. ఆర్.ఆర్. అంటే రైల్వే రసీదు. అది చూపించినవాళ్ళకే అవతల స్టేషన్లో సరుకు ఇస్తారు. అక్కడెక్కడో హౌరాలో ఉన్న వ్యాపారి, డబ్బు ఇస్తాడో ఇవ్వడో తెలియదు, అతని పేరు రాసి పంపేస్తే సరుకు చేతులు దాటిపోయినట్టే కదా. అందుకని ‘సెల్ఫ్’ అని తన పేరే రాయించుకుని, రసీదు వెనక సంతకం పెట్టి బ్యాంకులో ఇచ్చేవారు. బ్యాంకు దాన్ని అక్కడి శాఖకి పంపితే, కొన్నాయన డబ్బు కట్టి రసీదు విడిపించుకుని గూడ్స్ షెడ్డుకి వెళ్ళి బస్తాలు తెచ్చుకునేవాడు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఏళ్ళ తరబడి వ్యాపారం చేసినవాళ్ళున్నారంటే ఆ ఒక్క కాగితం వల్లే.

‘టు పే’ అంటే రైలు కిరాయి అవతల దించుకునేవాడు కడతాడు, ఇక్కడే కట్టేస్తే ‘పెయిడ్’. ‘ఓనర్స్ రిస్క్’లో రేటు తక్కువ, కానీ దారిలో తడిసినా పోయినా రైల్వే బాధ్యత కూడా తక్కువ. ఆ బాధ్యత రైల్వే మీద పెట్టాలంటే ‘రైల్వే రిస్క్’ కింద ఎక్కువ కట్టాలి. ఇక వార్ఫేజికి, డెమరేజికి తేడా తెలియక అప్పట్లో పాత వ్యాపారులే తికమకపడేవారు. ఇచ్చిన గడువు దాటి వ్యాగన్ని ఆపి ఉంచితే పడే అదనపు రుసుము డెమరేజి. వ్యాగన్ ఖాళీ చేసి సరుకుని గడువు దాటి రైల్వే స్థలంలోనే వదిలేస్తే పడే రుసుము వార్ఫేజి. రసీదు పోస్టులో ఆలస్యమై సరుకు ముందే చేరిపోతే, పాపం ఎవరి తప్పూ లేకుండానే వార్ఫేజి పడేది. మీ తాతగారి గొడవ అదే అయ్యుండవచ్చు.

ఇంకొక్క మాట. ఆ రోజుల్లో నాలుగు చక్రాల వ్యాగన్లో సుమారు 22 టన్నులు పట్టేది. 40 బస్తాలతో అది నిండదు. ఇలాంటి సరుకుని ‘స్మాల్స్’ అనేవాళ్ళం. మీవాళ్ళ పసుపు పక్కన ఇంకెవరిదో బెల్లం, వేరే ఊరివాళ్ళ ఇనప సామాను అన్నీ ఒకే వ్యాగన్లో వెళ్ళేవి. గుంతకల్లు లాంటి చోట మీటర్ గేజి (ఇరుకు పట్టాలు) నుంచి బ్రాడ్ గేజికి (వెడల్పు పట్టాలు) మారాలంటే కూలీలు ప్రతి బస్తానీ భుజాన వేసుకుని ఈ వ్యాగన్లోంచి ఆ వ్యాగన్లోకి మార్చేవారు. దానికి ‘ట్రాన్స్‌షిప్‌మెంట్’ అని పెద్ద పేరు, పని మాత్రం నడుం విరిగేది.

ప్రశ్న: మా తాతయ్య ఒక పెద్ద యార్డులో పాయింట్స్‌మన్. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. అడిగితే ‘లూజ్ షంటింగ్’ అని ఒక్క మాటే అనేవారు. అంటే ఏమిటి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: బాబూ, మీ తాతయ్యకి నా నమస్కారం. ఇంతకుముందు చెప్పాను కదా, ఒక వ్యాగన్లో ఎందరెందరివో సరుకులని. అలాగే ఒక బండిలో ఎన్నో వ్యాగన్లు, ఒక్కొక్కటీ ఒక్కో ఊరికి. వాటిని విడదీసి, ఊరి వరసన మళ్ళీ బళ్ళుగా కట్టే చోటే మార్షలింగ్ యార్డు. ఇంజను వ్యాగన్లని కొంచెం దూరం తోసి ఆగిపోతే, ముందే కొక్కెం తీసిపెట్టిన వ్యాగన్ తన ఊపుతో తనే దొర్లుకుంటూ వెళ్ళి ఆ లైన్లో ఉన్నవాటికి తగులుతుంది. లూజ్ షంటింగ్ అంటే ఇదే. పేలుడు సామాన్లు ఉన్న వ్యాగన్ల మీద ‘లూజ్ షంటింగ్ చేయరాదు’ అని రాసి ఉండేది. మొగల్‌సరాయి లాంటి పెద్ద యార్డుల్లో దీనికోసమే ‘హంప్’ అని దిబ్బలాగా ఎత్తు కట్టారు. ఇంజను వెనకనుంచి మెల్లగా తోస్తుంటే వ్యాగన్లు ఒక్కొక్కటే దిబ్బ దిగి, పాయింట్లు, అంటే ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్ళించే పట్టాలు, ఎటు మార్చి పెడితే అటు పోతాయి.

ప్రమాదమంతా కలిపేటప్పుడే. పాత వ్యాగన్లకి రెండు పక్కలా అదురు ఆపే బఫర్లు, మధ్యలో కొక్కెం, బిగించే మర గొలుసు. మనిషి వంగి ఆ బఫర్ల మధ్యకి దూరి, బరువైన గొలుసు ఎత్తి తగిలించాలి. రాత్రిపూట, వానలో, చేతిలో ఒక లాంతరు. వేళ్ళు పోయినవాళ్ళని నేను చూశాను, ప్రాణాలు పోయిన సంగతులూ విన్నాను. ఈ పని గురించి మనవాళ్ళు ఎక్కడా సరిగా రాసిపెట్టలేదన్న బాధ నాకు చాలా ఉంది. తాతయ్య ఉంటే కూర్చోబెట్టి అన్నీ రాసుకో.

తర్వాత 1980 దశకం నుంచి అంతా మారింది. బాక్స్‌ఎన్ అని పైకప్పు లేని పెద్ద వ్యాగన్లు వచ్చాయి, 58 వ్యాగన్లు కలిపితే ఒక రేక్, మూడు వేల టన్నులకి పైనే బొగ్గు. పంపేవాడు ఒకడే, దించుకునేవాడు ఒకడే, దారిలో విడదీసే పనే లేదు. స్మాల్స్ పోయాయి, వాటితోపాటు చిన్న స్టేషన్లలో గూడ్స్ షెడ్లు మూతపడ్డాయి, యార్డులు బోసిపోయాయి. మీ పక్కనున్న బిట్రగుంటలో స్టీమ్ ఇంజన్ల కాలంలో ఎంత సందడి ఉండేదో ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు.

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో పాత గూడ్స్ రైళ్ళ చివర ‘కబూస్’ ఉండేదట. మన గార్డు ఉండే బ్రేక్ వ్యానేనా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: బంధువులే గానీ ఒకటి కాదండీ. కబూస్‌లో కండక్టరు, బ్రేక్‌మన్లు కలిసి ఉండేవారు, పొయ్యి, పడకలు ఉండేవి, పైన కిటికీల గూడు కూడా. అక్కడ కూర్చుని రైలు పొడవునా ఎక్కడైనా పొగ వస్తుందేమో చూసేవారు. ఇరుసు వేడెక్కి పొగ రావడాన్ని వాళ్ళు ‘హాట్ బాక్స్’ అంటారు, మేం ‘హాట్ యాక్సిల్’ అంటాం. మన బ్రేక్ వ్యాన్లో గార్డు ఒంటరి. పడక లేదు, పొయ్యి లేదు, ఒక సీటు, ఒక హ్యాండ్ బ్రేకు, గార్డు సామాన్ల లైన్ బాక్సు. మా బండిని లూప్ లైన్లో, అంటే పక్క లైన్లో, పడేసి మెయిల్ రైళ్ళన్నీ దాటిస్తుంటే గంటలకొద్దీ అడవిలో కూర్చునేవాళ్ళం.

అమెరికాలో ఒకప్పుడు బ్రేక్‌మన్లు కదిలే వ్యాగన్ల పైకప్పుల మీద పరిగెత్తి బ్రేకులు తిప్పేవారు. వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేకు 1869లో, వ్యాగన్లని కలిపే జానీ కప్లర్ 1873లో వచ్చినా, వాటిని తప్పనిసరి చేస్తూ చట్టం రావడానికి 1893 దాకా పట్టింది. రెండు పిడికిళ్ళు పట్టుకున్నట్టు తనంతట తనే తగులుకునే ఆ కప్లర్ వంశమే ఇవాళ మన గూడ్స్ వ్యాగన్లకి ఉన్నది.

ప్రశ్న: రైలు చివర ‘ఎల్‌వీ’ అని బోర్డు ఎందుకు?
– ఏడో తరగతి విద్యార్థిని, ఖమ్మం

జవాబు: లాస్ట్ వెహికల్ తల్లీ, అంటే ఇదే చివరి పెట్టె అని. బండి వెళ్ళిపోతుంటే స్టేషన్ మాస్టరు బయట నిలబడి చూసేది ఆ బోర్డు కోసమే, రాత్రయితే ఎర్రదీపం కోసం. అది కనిపిస్తేనే బండి మొత్తం వచ్చేసిందని వెనక స్టేషన్‌కి చెబుతాడు. కనిపించలేదంటే దారిలో ఎక్కడో కప్లింగ్ తెగి కొన్ని వ్యాగన్లు పట్టాల మీదే ఉండిపోయి ఉండొచ్చు. అవి దొరికేదాకా ఆ లైన్లోకి ఇంకో బండిని రానివ్వరు.