ఎలాగూ కొట్టి కట్టేదే కదా అని అన్నీ అలాగే వదిలేశారు, నాదే చాదస్తమా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకావిడ రాశారు. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైనంత వరకే ఇక్కడ పెడుతున్నా.

"మాది మావగారు కట్టించిన డాబా ఇల్లు. ఆయన సొంత జీతంతో స్థలం కొని కట్టుకున్నారు. ఆయన పోయి అయిదేళ్లయింది, వీలునామా ఏమీ రాయలేదు. అప్పట్నుంచీ ఇల్లు రీమోడల్ చేయిద్దాం అనుకుంటూనే ఉన్నాం, ప్లాన్ కూడా గీయించాం, ఆ కాగితం బీరువాలో ఉంది. ఈలోపు ఇంట్లో ఏది ముట్టుకున్నా ఊడొస్తోంది. మొన్న వానలకి బాత్రూమ్ తలుపు ఉబ్బిపోయి, లోపలి గడియ బిగుసుకుపోయి, 72 ఏళ్ల మా అత్తయ్యగారు ముప్పావుగంట లోపలే ఉండిపోయారు. వంటింట్లో శ్లాబు పెచ్చు ఊడి దోసెల పిండి గిన్నెలో పడింది. గీజర్ వేసినప్పుడు కుళాయి పట్టుకుంటే జివ్వుమంటోందని మా పాప అంటోంది. మిక్సీ, మోటారు కలిపి వేస్తే ఫ్యూజు పోతుంది. మావారికి ఏది చెప్పినా 'ఎలాగూ కొట్టి కట్టేదే కదా, ఇప్పుడు డబ్బులు పెట్టడం దండగ' అంటారు. మా అమ్మని రమ్మనడం కూడా మానేశాను. ఊరికే పిల్లల మీద అరుస్తున్నాను. అత్తయ్యగారేమో ఈ ఇల్లు వదిలి కదలనంటారు. మా వదిన, అంటే మావారి అక్క, హైదరాబాదులో ఉంటారు, ఆవిడ ఏమంటారో అని కూడా మావారు అప్పుడప్పుడూ అంటుంటారు. నాదే చాదస్తమా? పిల్లల్ని తీసుకుని అద్దెకి వెళ్లిపోవాలనిపిస్తోంది."

చాదస్తం కాదమ్మా. ముందు గీజర్ సంగతి చెప్పి తర్వాత మిగతాది మాట్లాడతా, ఎందుకంటే మీరు దాన్ని దోసెల పిండికీ మిక్సీకీ మధ్యలో ఒక్క లైన్లో రాసేశారు గానీ అది చదవగానే నాకు గుండె ఆగినంత పనైంది. కుళాయి జివ్వుమంటోందంటే కరెంటు నీళ్లలోకో పైపులోకో లీకవుతోంది, దాన్ని భూమిలోకి లాగేయాల్సిన ఎర్తింగ్ కూడా సరిగ్గా లేదు అనుకోవాల్సిందే. ఉత్తరం చదువుతున్న ఈ పూటే గీజర్ ఆపేయండి, స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గే పీకేయండి. గీజర్ పీకేశాక కూడా జివ్వుమంటే తప్పు ఇంకెక్కడో ఉన్నట్టు, అప్పుడు మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ కుళాయి ఎవరూ ముట్టుకోకూడదు. కొన్నాళ్లు స్టవ్ మీద నీళ్లు కాచుకోండి, గీజర్ లేదు కదా అని బకెట్లో హీటర్ రాడ్ మాత్రం పెట్టొద్దు, పిల్లలున్న ఇంట్లో అది ఇంకో ప్రమాదం.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఎర్తింగ్ చెక్ చేయించి మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ పెట్టించండి, 30 మిల్లీ ఆంపియర్లది అని అడిగి మరీ పెట్టించండి. కరెంటు కాస్త పక్కదారి పట్టగానే సెకనులో చిన్న వంతులో అది సప్లై కట్ చేసేస్తుంది. రేపు ఇల్లు కొట్టి కట్టినా దాన్ని విప్పి కొత్త బోర్డులో బిగించుకోవచ్చు, కాబట్టి మీవారు దండగ అనడానికి కూడా లేదు. ఇంకోటి, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అందులో లావు రాగి తీగ చుట్టారేమో చూడమనండి, చాలా ఇళ్లల్లో చేసే పని ఇది, అలా చుడితే ఫ్యూజు పోదు, గోడలో ఉన్న పాత వైరే కాలుతుంది.

ఇక మీవారి మాట. ఆయన మాటలో తప్పుడు ఉద్దేశం ఏమీ లేదు, కష్టపడి సంపాదించే మనిషికి కూలగొట్టబోయే గోడ మీద డబ్బు పెట్టడం మనసొప్పదు, అది నాకర్థమవుతుంది. కానీ ఆయన టైల్స్‌నీ కరెంటునీ ఒకే లెక్కలో వేసేశారు. గచ్చు బీటలు, రంగు పోయిన గోడలు, వంటింట్లో అల్మారా లేకపోవడం, ఇవన్నీ ఆగుతాయి, ఇంకో రెండేళ్లైనా ఆగుతాయి. మనిషి ఒంటికి తగిలేవి ఆగవు. మీ ఉత్తరంలో అలాంటివి కరెంటు, శ్లాబు, బాత్రూమ్ అని మూడున్నాయి, నాలుగోది మీరు రాయలేదు గానీ నేనే అడుగుతున్నా, గ్యాస్ ట్యూబు ఎప్పుడు మార్చారు? దాని మీదే తేదీ వేసుంటుంది, అయిదేళ్లకోసారి మార్చాలి, పాత ఇళ్లల్లో ఎలుకలు కూడా కొరుకుతాయి. వంటిల్లు ఎలాగూ మారుస్తాం కదా అని ఈ ట్యూబు కూడా మర్చిపోయినవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

శ్లాబు గురించి కాస్త వివరంగా చెప్పాలి. పైనుంచి నీళ్లు దిగి లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి కింద ఉన్న కాంక్రీటు పొర విడిపోయి పెచ్చుగా ఊడుతుంది. ఒకచోట ఊడిందంటే దాని చుట్టుపక్కల ఊడటానికి రెడీగా ఉన్నవి ఇంకొన్ని ఉంటాయి. మేస్త్రీని పిలిచి కర్రతో శ్లాబు కింద అంతా తట్టించండి, గట్టిగా ఉన్నచోట ఒక శబ్దం, డొల్లగా ఉన్నచోట ఒక శబ్దం వస్తుంది, డొల్లగా మోగినచోట వాటంతటవి పడేలోపు మనమే దింపేయించాలి. ఆ సమయంలో కింద ఎవరూ ఉండకూడదు. పిల్లల మంచం, అత్తయ్యగారి మంచం ఎక్కడున్నాయో వాటి పైన ముందు తట్టించండి, వంటింట్లో స్టవ్ పైన రెండోది. డాబా మీద నీళ్లు పోయే గొట్టం ఆకులు పట్టి మూసుకుపోయిందేమో కూడా చూడండి, సగం చెమ్మ అక్కడే మొదలవుతుంది. ఊడినచోట సిమెంటు మెత్తి సున్నం కొట్టేస్తే చూపుకి బాగుంటుంది గానీ లోపల తుప్పు ఆగదు. చువ్వలు బయటికి కనిపిస్తున్నా, దూలానికి బీట ఉన్నా మేస్త్రీ మాటతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించాలి, ఆయన ఖాళీ చేయమంటే ఆ రోజే అందరూ బయటికి రావాలి, అందులో ముహూర్తాలు, మొహమాటాలు ఏమీ ఉండకూడదు.

అత్తయ్యగారి సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగాను. 72 ఏళ్ల మనిషి, తడి గచ్చు మీద, ఉబ్బిన తలుపు వెనకాల ముప్పావుగంట. బయట మీరంతా తలుపు గుద్దుతూ అరుస్తుంటే లోపల ఆవిడ ఎక్కడ కూర్చున్నారు, దేన్ని పట్టుకుని నిలబడ్డారు, ఎవరైనా అడిగారా తర్వాత? ఆ రోజు తర్వాత ఆవిడ గడియ పెట్టుకుంటున్నారో లేదో గమనించండి. ఇలాంటిది జరిగాక కొంతమంది పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేవాల్సొస్తుందని నీళ్లు తాగడం తగ్గించేస్తారు, ఎవరికీ చెప్పరు, ఎండాకాలంలో అదే పెద్ద జబ్బు తెచ్చిపెడుతుంది. వడ్రంగిని పిలిచి తలుపు అంచు చిత్రిక పట్టించి, లోపలి గడియ తీసేసి బయటి నుంచి కూడా తెరవగలిగే లాక్ వేయించడం ఒక్క పూట పని. గోడకి గట్టిగా పట్టుకునే రాడ్ ఒకటి, కాలు జారని మ్యాటు ఒకటి, మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు ఒకటి. ఈ వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే అయ్యే ఆపరేషను ఖర్చు ముందు ఇవన్నీ కలిపి లెక్కలోకే రావు, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మీవారికి ఆయన తల్లి పేరు చెప్పి అడగండి, వింటారు.

ఇప్పుడు అసలు ముడి. మీరు ఉత్తరం చివర్లో వదిన సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు, నాకు మాత్రం అయిదేళ్లుగా ప్లాను కాగితం బీరువాలో ఉండిపోవడానికి కారణం అక్కడే కనిపిస్తోంది. మావగారి స్వార్జితం, వీలునామా లేదు అంటే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు భార్యకీ కొడుకుకీ కూతురికీ సమానంగా వస్తుంది. వారసులు వాళ్లు ముగ్గురే అయితే తలా మూడో వంతు. పెళ్లప్పుడు ఆవిడకి కట్నం ఇచ్చాం కదా అనే మాట ఈ లెక్కలోకి రాదు. ఈ సంగతి మీవారికి తెలిసే ఉంటుంది. తనది కాని భాగం మీద కూడా లక్షలు పోశాక రేపు అక్క ఏమంటుందో అని ఆయనకి భయం, అడిగితే ఆస్తి కోసం అడుగుతున్నాడనుకుంటుందేమో అని ఇంకో భయం, అందుకే ఏదీ తేల్చకుండా దండగ అనే మాట వెనకాల దాక్కుంటున్నారని నా అభిప్రాయం. నా అంచనా తప్పు కావచ్చు, ఆయన్నే మెల్లగా అడిగి చూడండి. బ్యాంకు లోనుకి వెళ్లినా, మున్సిపాలిటీలో ప్లాన్ అప్రూవల్‌కి వెళ్లినా ఇల్లు ఎవరి పేరున ఉందనే ప్రశ్న వస్తుంది, కాబట్టి అక్కతో మాట్లాడకుండా ఈ పని అంగుళం కూడా కదలదు.

ఆవిడ తన వాటా తమ్ముడికి వదిలేయొచ్చు, డబ్బు తీసుకుని ఇచ్చేయొచ్చు, లేదా వాటా ఉంచుకునే పనికి ఒప్పుకోవచ్చు. ఏదైనా ఆవిడ ఇష్టం, ఆవిడ హక్కు. వదిలేస్తానంటే మాత్రం నోటిమాట చాలదు, రిజిస్టర్ అయిన పత్రం కావాలి. వాటా ఉంచుకుంటానంటే మీరు పెట్టే ఖర్చుకి లెక్క ఎలా అని ముందే కాగితం మీద రాసుకోవాలి, గుంటూరులోనే మంచి లాయర్ని ఒకసారి కలవండి. ఫోను మాత్రం మీవారే చేయాలి, మీరు చేయొద్దు. అక్కాతమ్ముళ్ల మధ్య తండ్రి ఇంటి మాట మరదలి నోటి నుంచి వస్తే మంచి మాట కూడా వేరేగా వినిపిస్తుంది మన ఇళ్లల్లో.

మీవారితో ఎలా మొదలుపెట్టాలి అంటే, ఏదో ఊడిపోయిన క్షణంలో మొదలుపెట్టొద్దు. అప్పుడు మీ గొంతులో నింద ఉంటుంది, ఆయన దగ్గర ఆ పాత మాట రెడీగా ఉంటుంది. ఆదివారం టిఫిన్లయ్యాక కూర్చోబెట్టి, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, మేస్త్రీ ఎంత చెప్పారో కాగితం మీద రాసి చూపించండి. "ఏవండీ, ఇల్లంతా ఇప్పుడే చేయించమని నేను అడగట్లేదు, ఈ నాలుగూ ఈ నెలలో చేయిద్దాం, మిగతా దానికి వదినతో ఎప్పుడు మాట్లాడతారో ఒక్కటి చెప్పండి" అనండి. ఇంతకంటే ఆ రోజు ఏమీ అడగొద్దు, అమ్మ రావట్లేదనీ పిల్లల చదువులనీ అన్నీ ఒకేసారి తీశారంటే ఆయన లేచి వెళ్లిపోతారు.

అత్తయ్యగారు కదలనంటున్నారని మీరు రాసిన తీరులో కొంచెం విసుగు ఉంది, ఉండటం సహజమే. కానీ భర్త ఇటుక ఇటుక పేర్చి కట్టించిన ఇల్లు, ఆయన పోయాక ఆవిడకి మిగిలింది అదే. ఏం తీసేస్తామో చెప్పేకంటే ఏం ఉంచుతామో ముందు అడగండి. పాత టేకు తలుపులు, ద్వారబంధాలు చెద పట్టకపోతే శుభ్రంగా చిత్రిక పట్టించి కొత్త గోడలో పెట్టొచ్చు, ఇప్పుడు కొందామన్నా అలాంటి కర్ర రేటు అందుకోలేం. ముహూర్తం కూడా ఆవిడనే పంతులుగారిని అడగమనండి. సంక్రాంతి వెళ్లి మాఘమాసం వచ్చాక మొదలుపెడితే జూన్‌లో వానలు పడేలోపు శ్లాబు పని అయిపోతుంది, సిమెంటు పనులు వీలైనంత వరకూ మార్చిలోపు చూసుకోండి, క్యూరింగ్‌కి బోలెడు నీళ్లు కావాలి, వేసవిలో మన దగ్గర నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

అద్దె ఇంటి ఆలోచన మంచిదే, పనులు మొదలయ్యాక ఎలాగూ కొన్ని నెలలు వెళ్లాల్సిందే. కానీ ఇప్పుడు మీరూ పిల్లలూ మాత్రమే కోపంతో వెళ్తే ఆ ఇంట్లో మిగిలేది ఆ శ్లాబు కింద ఆవిడ ఒక్కరే, పగలు మీవారు ఆఫీసుకి పోతారు కదా. అరండల్‌పేటలోనో మీ బ్రాడీపేటలోనే వేరే లైన్లోనో మెట్లు ఎక్కక్కర్లేని కింది పోర్షన్ చూడమని ఇప్పట్నుంచే నలుగురికి చెప్పి ఉంచండి, వెళ్తే అందరూ కలిసే వెళ్లండి.

పిల్లల మీద అరుస్తున్నానని బాధపడ్డారు. రోజూ ఏది ఊడుతుందో, ఎవరికి ఏమవుతుందో అని ఒళ్లంతా చెవులు చేసుకుని బతికే మనిషి అరవకుండా ఎలా ఉంటుంది? పాపతో మాత్రం ఒక మాట చెప్పండి, కుళాయి సంగతి చెప్పి మంచి పని చేశావు, ఇంకేదైనా అలా అనిపిస్తే వెంటనే చెప్పు అని. ఈ నాలుగు పనులూ అయ్యాక కూడా నిద్ర పట్టకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీ అమ్మగారిని కూడా ఈ వారమే రమ్మనండి. మీ ఇంట్లో పెచ్చులూడుతున్నాయని కన్నతల్లి దగ్గర దాచాల్సిన పనేముంది? వంటింట్లో తట్టించడం అయ్యాక రమ్మంటే సరి.

ఎలక్ట్రీషియన్ ఏం చెప్పాడో, మీ వదిన ఏమన్నారో మళ్లీ రాయండి. ఆవిడ ఒప్పుకోకపోతే తర్వాత ఏం చేయాలో అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.