పాత 1613కి కామన్ రైలు వద్దు, ఉన్న పంపునే బెంచి ఎక్కించు

తమ్ముడూ, నీది 2005 మోడల్ టాటా 1613, 697 టర్బో ఇంజను. లోడుతో ఘాటు రోడ్డు ఎక్కితే పికప్ పడిపోతోంది, నల్లపొగ వస్తోంది. మెకానిక్కేమో ‘పాత పంపు (ఇంజనుకి డీజిల్ కొట్టేది) పీకేసి కామన్ రైలు (కంప్యూటరుతో డీజిల్ చిమ్మే కొత్త పద్ధతి) వేద్దాం, లేదంటే పంపులో ఆయిల్, అంటే డీజిల్ పెంచేద్దాం’ అంటున్నాడు, ఏం చెయ్యమంటారు అని అడిగావు. రెండూ వద్దు. ఆ రెండోది చేయించుకుని ఇంజను పోగొట్టుకున్నవాణ్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది సాలూరు. మాకూ ఇదే బండి ఉండేది, రాయపూర్ లైను. సుంకి ఘాటు నెలకి నాలుగైదుసార్లు ఎక్కి దిగాల్సిందే. 2017 ఎండాకాలంలో రెండో గేరులో కూడా ఈడుస్తోందని ఒక మెకానిక్ దగ్గర డీజిల్ ఎక్కువ పడేలా పంపు ఫుల్ లోడ్ స్క్రూ తిప్పించాను. నాలుగు ట్రిప్పులు బ్రహ్మాండంగా లాగింది. పొగ మాత్రం వెనక బండివాడికి రోడ్డు కనపడనంత. ఐదో ట్రిప్పులో ఘాటు మధ్యలో ఇంజను కొట్టుకోవడం మొదలైంది. హెడ్డు విప్పితే నాలుగో పిస్టన్ అంచు కరిగి, కొవ్వొత్తి జారినట్టు ఒక పక్కకి జారి ఉంది. లైనరు నిండా గీతలు.

తర్వాత తెలిసిందేమిటంటే, మా అసలు జబ్బు నాలుగో నాజిల్ (సిలిండరులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరు కొస) కారడం. కారుతున్న నాజిల్‌కి నేను ఇంకా ఆయిల్ పోయించాను. ఇంజను పీల్చే గాలి అంతే ఉన్నప్పుడు డీజిల్ పెంచితే కాలనిది పొగై పోతుంది. కాలేది కూడా ఆలస్యంగా కాలి ఆ వేడంతా పిస్టన్‌కీ, వాల్వులకీ, టర్బోకీ కొడుతుంది.

కామన్ రైలు సంగతి. అది ఒక పంపు తీసి ఇంకో పంపు పెట్టే పని కాదు. హై ప్రెజర్ పంపు, రైలు, కరెంటుతో తెరుచుకునే ఇంజెక్టర్లు, క్రాంక్ సెన్సరు, క్యామ్ సెన్సరు, వీటన్నిటినీ నడిపే ఈసీయూ అనే చిన్న కంప్యూటరు, అందులో నీ ఇంజనుకి సరిపడే ప్రోగ్రాం, అన్నీ కావాలి. అది 1,400, 1,600 బార్ల ప్రెజర్‌తో చిమ్ముతుంది. నీ పిస్టన్ తల మీది గుంట ఆ స్ప్రేకి చేసింది కాదు, నీ హెడ్డులో ఆ ఇంజెక్టరుకి చోటూ లేదు. పైగా ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. రేపు యాక్సిడెంటైతే ఇన్సూరెన్సువాళ్లు మొదట పట్టుకునేది అదే.

నీ ఇంజనుకి నిజమైన అప్‌గ్రేడ్ అంటే ఆరు సిలిండర్లకీ సమానంగా, సరైన క్షణంలో డీజిల్ పడేలా చేయడం. మనవాళ్లు ఇప్పటికీ మైకో పంపు అంటారే (కంపెనీ పేరు 2008లోనే బాష్ అయింది), ఆ ఇన్‌లైన్ పంపులో సిలిండరుకొక ప్లంజరు (డీజిల్‌ని నెట్టే చిన్న కడ్డీ). ప్లంజరుకీ, అది ఆడే గొట్టం బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. నీళ్లు, మట్టి కలిసిన డీజిల్ నాలుగు ట్యాంకులు పడితే ఆ నునుపు పోతుంది. అప్పుడు ఆరూ ఆరు రకాలుగా కొడతాయి.

రెండోసారి నేను పంపునీ, ఆరు ఇంజెక్టర్లనీ పట్టుకుని విశాఖ వెళ్లి, టెస్ట్ బెంచి ఉన్న షాపులో దగ్గరుండి చేయించాను. బెంచి మీద ఆరు గాజు గొట్టాలుంటాయి. పంపు తిరుగుతుంటే ఒక్కో దాంట్లో టెస్ట్ ఆయిల్ నిండుతుంది. రెండో గొట్టానికీ ఐదో గొట్టానికీ వేలెడు తేడా! నాజిళ్లని చేతి టెస్టరుకి పెడితే మంచిది కిర్రుమని సన్నటి మంచులా చిమ్మి టక్కున ఆగింది, కొస పొడిగా ఉంది. మా నాలుగోది వాషరు పోయిన కుళాయిలా బొట్లు కార్చింది.

ప్లంజర్లు, డెలివరీ వాల్వులు, నాజిళ్లు ఆరేసి కొత్తవి వేయించాను. నంబరు పంపు ప్లేటు మీదున్న దాన్ని బట్టే కొనాలి, ‘పెద్ద ఇంజనుది వేస్తే ఇంకా లాగుతుంది’ అనేవాడి మాట వినకు. ఇంజెక్టర్ కింద పాత రాగి వాషరు ఇరుక్కుని ఉండగా దాని మీదే కొత్తది వేస్తారు, చూసుకో. అలా వేస్తే నాజిల్ కొస పైకి లేచి స్ప్రే పిస్టన్ గుంటలో పడదు.

పంపు బిగించాక టైమింగ్ అందాజుగా కట్టనివ్వకు. ఒకటో సిలిండరు డెలివరీ వాల్వు తీసి, ఆ చోట వంపు పైపు పెట్టి, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ కొట్టే చిన్న పంపు) కొడుతూ ఇంజను మెల్లగా తిప్పాలి. ధార సన్నబడి, బొట్లై, బొట్టుకీ బొట్టుకీ మధ్య పది పదిహేను సెకన్లు పట్టే చోట ఆపి, ఇంజను మార్కు మాన్యువల్లో చెప్పిన డిగ్రీ దగ్గరుందో లేదో చూడాలి. మా మేస్త్రి ఆ ఒక్క పనికి గంటన్నర తీసుకున్నాడు. ఆయన తొందరపడలేదు, నేనూ తొందరపెట్టలేదు.

అంతా కలిపి నాకు 2018లో 30 వేల లోపే అయింది. లోడు మీద లీటరుకి మూడున్నర కిలోమీటర్లు ఇచ్చే బండి నాలుగు పైన ఇచ్చింది. పొల్యూషన్ టెస్టులో పాత బళ్లకి ఉన్న 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల (పొగ చిక్కదనం కొలత) హద్దు లోపే వచ్చింది.

నీకు నల్లపొగ అంటున్నావు కాబట్టి పంపు విప్పకముందే ఎయిర్ ఫిల్టరు తీసి చూడు. టర్బో నుంచి మ్యానిఫోల్డుకి (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) వెళ్లే రబ్బరు హోసు క్లిప్పుల దగ్గర సబ్బు నీళ్లు రాసి, ఒకరిని రేజింగ్ ఇవ్వమను. బుడగలొస్తే గాలి బయటికి పోతోంది, నల్లపొగకి అదొక్కటే చాలు. అది సరిచేసి ఒక ట్రిప్పు ఘాటెక్కించి, అప్పటికీ పొగ తగ్గకపోతే ఇంజెక్టర్లు విప్పించు. టెస్టరు మీద ఏ నంబరుది కారిందో ఇక్కడ రాయి.