ఆ గోడ మీద చెయ్యి వేసే ముందు

ప్రశ్న: విజయవాడ వన్‌టౌన్‌లో మాది అద్దె బిల్డింగులో చీరల షాపు. చాలా పాత కట్టడం. కింద షాపు, పైన 600 చదరపు అడుగుల గోడౌన్. శ్రావణ మాసానికి రెండూ కలిపి షోరూమ్ చేద్దామనుకున్నాం. కింద మధ్య గోడ తీసేసి ఒకటే హాలు చేస్తానని, పైన పాత గచ్చు మీదే టైల్స్ వేస్తానని, ఫాల్స్ సీలింగ్, నాలుగు ఏసీలు పెడతానని కాంట్రాక్టరు చదరపు అడుగు లెక్కన రేటు చెప్పాడు. సగం అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా సార్?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండమ్మా. డబ్బు కంటే ముందు తేలాల్సింది ఆ మధ్య గోడ సంగతి.

వన్‌టౌన్‌లో పాత బిల్డింగులు చాలావాటికి పిల్లర్లు ఉండవు. పై అంతస్తు బరువంతా గోడలే మోస్తాయి. గోడ మీద ఒకచోట అరచేయంత పెచ్చు ఊడగొట్టించి, ఇటుకల సందులో మేకుతో గీకి చూడండి. తెల్లగా పొడి రాలితే అది సిమెంటు లేకుండా గానుగ సున్నంతో కట్టిన పాత గోడ, బరువు మోసేదే కావచ్చు. తర్వాత నిచ్చెన వేయించి కింద షాపు పైకప్పు చూడండి. టేకు దూలాలు వరసగా ఉండి వాటి మీద సన్న ఇటుకలు పేర్చి ఉంటే అది మద్రాస్ టెర్రస్. ఆ దూలాల కొసలు మీ మధ్య గోడలోకి దిగి ఉన్నాయా? ఉంటే, ఆ గోడ తీయడమంటే మీ గోడౌన్ కింద ఆధారం తీసేయడమే. గోడలోకి వెళ్లే ఆ కొసల దగ్గరే చెమ్మ పట్టి చెదలు తింటాయి. కర్రతో తట్టించండి, డొల్ల శబ్దం వస్తే ఆ దూలం మార్చాల్సిందే. ఇదంతా ఫాల్స్ సీలింగ్ వేయకముందే జరగాలి. వేశాక ఇక ఎవరికీ కనపడదు.

ఒకటే హాలు కావాలంటే అసలు కుదరదని కాదు. ముందు జాకీలు పెట్టి పైకప్పు నిలబెట్టి, గోడకి బదులు బరువు మోసే ఇనుప గర్డర్ దించి, అప్పుడు గోడ తీస్తారు. గర్డర్ సైజు స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టి చెప్పాలి, మేస్త్రీ అంచనా చాలదు. బిల్డింగు మీది కాదు కాబట్టి ఓనరు ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి. ఇలాంటి మార్పుకి కార్పొరేషన్ అనుమతి కూడా కావాలి. రంగులు, ర్యాకుల పనికి ఆ బాధ లేదు.

పైన టైల్స్ మాత్రం నాకు అసలు నచ్చలేదు. రెండంగుళాల సిమెంటు మాలు, దాని మీద టైలు అంటే 600 అడుగులకి 6 టన్నులకు పైగా కొత్త బరువు. దాని మీద పట్టుచీరల ర్యాకులు, మళ్లీ జనం! గచ్చు చదును చేయించి వినైల్ షీట్ వేయించండి, చూడ్డానికీ బాగుంటుంది.

కరెంటు దగ్గర బేరం వద్దు. ఒకటిన్నర టన్నుల ఏసీలు నాలుగంటే దాదాపు 6 కిలోవాట్లు. ముందు లోడు పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టండి. ఒక్కో ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడి ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే కరెంటు ఆపేసే స్విచ్చు) ఉండాలి. పాత వైరింగుకి అతుకులు వేయనివ్వకండి, చుట్టూ ఉన్నది బట్ట. పైకి వెళ్లే మెట్లు ఒక్కటే అయితే వాటి కింద అట్టపెట్టెలు పెట్టొద్దు.

ఇక అడ్వాన్సు. చదరపు అడుగు రేటులో ఏమేం కలిశాయో తెలియదు. గోడ పని, వైరింగు, సీలింగు, ర్యాకులు దేనికది విడగొట్టి రాసిమ్మనండి. ప్లైవుడ్ అయితే ఏ గ్రేడో రాయించండి. చెమ్మ తగిలే గోడల పక్కన ఐఎస్ 710 ముద్ర ఉన్నదే, అంటే నీటికి తట్టుకునే రకమే వాడాలి. మొదట సామాను తేవడానికి సరిపడా ఇచ్చి, పని ముగిసిన కొద్దీ ఇవ్వండి. పదో వంతు మాత్రం ఒక వర్షాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూడండి.

గర్డర్ పని పడితే శ్రావణానికి అందడం కష్టం. ఈ సీజన్‌కి కింద గోడ అలాగే ఉంచి రంగులు, లైట్లు, ర్యాకులతో నడిపించండి. గోడ, పై అంతస్తు సంక్రాంతి అమ్మకాలయ్యాక పెట్టుకోవచ్చు.