షికాగోలో ఇమిగ్రేషన్ దాడులకు జనం ఎందుకు ఎదురు తిరిగారు? అక్రమంగా ఉన్నవాళ్లనే కదా పంపేస్తున్నది?

మీరు అడిగిన రెండో ముక్క ఒకప్పుడు నేనూ అన్నదే. మేం షికాగో పక్కన నేపర్‌విల్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాం. హెచ్-1బీ, గ్రీన్ కార్డు క్యూ, అందరికీ తెలిసిన కథే. ఏళ్ల తరబడి క్యూలో నిలబడ్డవాడికి, క్యూ తప్పించుకుని వచ్చినవాడి మీద కాస్త కడుపుమంట ఉంటుంది. లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. 2025 సెప్టెంబర్ 8న ‘ఆపరేషన్ మిడ్‌వే బ్లిట్జ్’ అని పేరు పెట్టి అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ (ఇమిగ్రేషన్ ఏజెంట్లు దీని కిందే పనిచేస్తారు) ఇక్కడ దాడులు మొదలుపెట్టిన రోజు మా వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజీలన్నీ మీ ప్రశ్నలాగే ఉన్నాయి. డల్లాస్‌లో ఉండే మా బావ అయితే “మనం లీగల్, మనకెందుకు టెన్షన్” అని రాసి పక్కన ఒక దండం బొమ్మ పెట్టాడు.

షికాగో వాళ్లు వలసదారుల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించారని మాత్రం అనుకోకండి. బయటివాళ్లు తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. 2022 ఆగస్టు చివరి నుంచి టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ సరిహద్దు దాటినవాళ్లను బస్సులెక్కించి షికాగోకు పంపడం మొదలుపెట్టాడు. విమానాల్లో వచ్చినవాళ్లతో కూడా కలిపితే రెండేళ్లలో 50 వేలు దాటారు, ఎక్కువమంది వెనిజులా వాళ్లు. పోలీస్ స్టేషన్ల లాబీల్లో చంటిపిల్లలతో నేల మీద పడుకున్నారు. ఊళ్లో కోపం మామూలుగా లేదు. సౌత్ షోర్‌లో మూతబడ్డ హైస్కూలును వాళ్లకు షెల్టర్ చేస్తామంటే అక్కడివాళ్లు, ఎక్కువగా నల్లజాతివాళ్లు, 2023లో కోర్టుకెక్కారు. “మా పిల్లలకు లేని డబ్బు వీళ్లకు ఎక్కడిది?” అన్నది వాళ్ల మాట. అదే ఏడాది బ్రైటన్ పార్క్‌లో గుడారాలు వేస్తామంటే ఆ పేటలోని చైనీస్, మెక్సికన్ కుటుంబాలు రోడ్డెక్కాయి. చివరికి మట్టిలో విషపదార్థాలున్నాయని రాష్ట్ర ప్రభుత్వమే ఆ పని ఆపించింది.

ఈ రెండు పేటల పేర్లు గుర్తుపెట్టుకోండి. రెండేళ్లు తిరిగేసరికి కథ మళ్లీ వాటి దగ్గరికే వచ్చింది.

2025 సెప్టెంబర్ 30, అర్ధరాత్రి దాటాక, సౌత్ షోర్‌లో ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ మీదికి బ్లాక్ హాక్ హెలికాప్టర్ వచ్చింది. వందల మంది ఏజెంట్లు తలుపులు పగలగొట్టారు. నిద్రలో ఉన్నవాళ్లను బయటికి తెచ్చి చేతులకు ప్లాస్టిక్ బంధాలు వేశారు. వాళ్లలో ఇక్కడే పుట్టిన అమెరికన్ పౌరులు ఉన్నారు, గంటల తరబడి అలాగే నిలబడ్డామని తర్వాత చెప్పారు. అరెస్టయింది 37 మంది అని శాఖ ప్రకటించింది. నాలుగు రోజులకు, అక్టోబర్ 4న, బ్రైటన్ పార్క్‌లో ఏజెంట్లు ఒక మహిళ మీద కాల్పులు జరిపారు. ఆమె కూడా పౌరురాలే, అదృష్టం కొద్దీ బతికింది. కారుతో తమను గుద్దిందని వాళ్లు పెట్టిన కేసును నవంబర్‌లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. కాల్పులు జరిగిన రోజే బ్రైటన్ పార్క్‌లో మళ్లీ జనం రోడ్డెక్కారు, ఈసారి ఏజెంట్ల మీద. బాష్పవాయువు వదిలినా కదల్లేదు.

అంటే ఆ పేటల వాళ్లకు రాత్రికి రాత్రి వలసదారుల మీద ప్రేమ పుట్టిందనా? కాదు. మా గుమ్మంలోకి ముసుగులేసుకుని ఎవరొస్తున్నారు, పేరు చెప్పకుండా, వారెంట్ చూపకుండా ఎలా వస్తారు అన్నది వాళ్లడిగిన ప్రశ్న. మా ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు షికాగోలో మెక్సికన్లు ఎక్కువగా ఉండే లిటిల్ విలేజ్‌లో పుట్టి పెరిగాడు. వాళ్ల నాన్న 2024లో ట్రంప్‌కే ఓటేశాడు, సరిహద్దు మూస్తాడని. అక్టోబర్లో ఆ పెద్దాయన 26వ వీధిలో బేకరీకి వెళ్లేటప్పుడు జేబులో పాస్‌పోర్ట్ పెట్టుకునేవాడట. నలభై ఏళ్ల కిందటే పౌరసత్వం వచ్చిన మనిషి! “మా నాన్న ఓటేసింది దీనికి కాదు” అని ఆ కుర్రాడు కాఫీ కలుపుకుంటూ మెల్లగా అన్నాడు. ఈ వ్యతిరేకత గురించి నేను విన్న ఉపన్యాసాలన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే.

“నేరస్తులనే పట్టుకుంటున్నాం” అని ప్రభుత్వం అంది కదా, దాని సంగతీ చూడండి. వారెంట్ లేని అరెస్టుల మీద కోర్టులో వేసిన కేసులో ప్రభుత్వం తానే ఒక జాబితా ఇచ్చింది. అందులో 614 పేర్లున్నాయి. ప్రజల భద్రతకు పెద్ద ముప్పు అని గుర్తుపెట్టింది 16 మందిని.

మా లాన్ కోసే ఆయన విషయం చెప్తాను. ఆరేళ్లుగా ప్రతి గురువారం వచ్చేవాడు. సెప్టెంబర్ మూడో వారం నుంచి రావడం మానేశాడు. ఆయన బదులు పందొమ్మిదేళ్ల మేనల్లుడు ఒక్కడే వచ్చి, అంత పెద్ద ట్రక్కు నుంచి మెషీన్లు దించుకోలేక అవస్థపడ్డాడు. “మామయ్య ఇంట్లోనే ఉంటున్నాడు” అన్నాడు, అంతే. ఆయన పేపర్ల సంగతి నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. నిజం చెప్పాలంటే ఆరేళ్లూ తక్కువ రేటుకు కోయించుకున్నప్పుడు అడగాలని అనిపించలేదు.

ఆ రోజుల్లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. సాయంత్రం చీర మీద స్వెటర్ వేసుకుని, ఫోన్ కూడా లేకుండా వాకింగ్‌కు పోతుంది. 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని ఇక్కడ పాత చట్టమే ఉంది, ఇన్నేళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. 2025 నుంచి గట్టిగా అమలు చేస్తామన్నారు. అందుకని ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే పత్రం) ప్రింటు తీసి, పాస్‌పోర్ట్ జిరాక్స్‌తో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అమ్మ చేతికిచ్చాను. “పార్కు చుట్టూ తిరిగి రావడానికి ఆధార్ కార్డు ఎందుకురా?” అంది. ఏం చెప్పాలో తెలియక “ఉంచుకో అమ్మా” అన్నాను.

పోలీసులు ఎందుకు సహకరించలేదని కూడా మీరు అడగొచ్చు. ఇది నిన్నమొన్నటిది కాదు. మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్ 1985లోనే, నగర ఉద్యోగులు ఎవరినీ ఇమిగ్రేషన్ స్టేటస్ అడగకూడదని ఆర్డర్ వేశాడు. ఇలినాయ్ రాష్ట్రంలో స్థానిక పోలీసులు ఇమిగ్రేషన్ పనిలో తలదూర్చకుండా 2017లో ట్రస్ట్ యాక్ట్ తెచ్చారు. దాని మీద సంతకం పెట్టిన గవర్నర్ బ్రూస్ రౌనర్ రిపబ్లికన్. కేంద్రం తన పనికి రాష్ట్రాల పోలీసుల్ని బలవంతంగా వాడుకోకూడదని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. అలాగని ఫెడరల్ ఏజెంట్లను ఊళ్లోకి రానివ్వకుండా ఆపే అధికారమూ రాష్ట్రానికి లేదు. మన దగ్గర రాష్ట్ర పోలీసులకూ సీబీఐకీ అనుమతుల గొడవలు చూశాం కాబట్టి మనకు ఇది కాస్త తెలిసిన వాసనే.

నాయకుల సంగతి క్లుప్తంగా చెప్తాను. గవర్నర్ ప్రిట్జ్‌కర్, మేయర్ బ్రాండన్ జాన్సన్ జైల్లో ఉండాల్సినవాళ్లని ట్రంప్ అన్నాడు. నేషనల్ గార్డ్ సైనికుల్ని దింపబోతే అక్టోబర్ 9న ఫెడరల్ జడ్జి ఏప్రిల్ పెర్రీ ఆపారు, డిసెంబర్ 23న సుప్రీంకోర్టు కూడా ట్రంప్ మాట వినలేదు. బాష్పవాయువు వాడకం మీద జడ్జి సారా ఎలిస్ పెట్టిన ఆంక్షల్ని మాత్రం అప్పీళ్ల కోర్టు నిలిపేసింది. మేయర్‌కు నేనేమీ అభిమానిని కాదు. డ్రగ్స్, లైంగిక నేరాల కేసుల్లో ఉన్నవాళ్ల విషయంలోనైనా పోలీసులు సహకరించొచ్చని 2025 జనవరిలో ఒక ప్రతిపాదన వస్తే నగర కౌన్సిల్ 39-11తో పక్కన పడేసింది. అది తప్పనే ఇప్పటికీ అంటాను. అప్పుడు ఆ చిన్న తలుపు తెరిచి ఉంటే దాడుల్ని వ్యతిరేకించేవాళ్ల వాదన ఇంకా బలంగా ఉండేది.

ఇక “మనం లీగల్” అన్న మాట దగ్గరికి వస్తాను. తెలుగువాళ్లం ఈ మాట అనేముందు ఒకసారి వెనక్కి చూసుకోవాలి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసాల కేసులో మూతపడినప్పుడు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లల కాళ్లకు రేడియో కాలర్లు కట్టారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటుండేది, దాన్ని నడిపింది సాక్షాత్తూ ఇమిగ్రేషన్ అధికారులే, వల వేయడానికి. దొరికినవాళ్లలో మనవాళ్లే బోలెడు మంది. అందరూ అమాయకులని అనను, క్లాసులు లేవని తెలిసే చేరినవాళ్లున్నారు. కానీ ఆ వారం మా గ్రూపుల్లో “అక్రమంగా ఉన్నవాళ్లను పంపితే తప్పేంటి?” అని ఒక్కరూ అడగలేదు. లాయర్ల నంబర్లే తిరిగాయి.

బావ సంగతి మరిచిపోలేదు. దండం బొమ్మ పెట్టిన పదకొండు రోజులకు, సెప్టెంబర్ 19న, హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్న ప్రకటన వచ్చింది. బావ అప్పుడు హైదరాబాద్‌లో, వాళ్ల చెల్లెలి కొడుకు పంచెల ఫంక్షన్‌లో ఉన్నాడు. 21 లోపు అమెరికాలో అడుగుపెట్టకపోతే ఇక అంతే అని కంపెనీ నుంచి మెయిల్. దొరికిన టికెట్ దొరికిన రేటుకు కొని, భోజనాల మధ్యలోంచి లేచి శంషాబాద్ పరుగెత్తాడు. విమానం గాల్లో ఉండగానే అది కొత్త దరఖాస్తులకే అని వివరణ వచ్చింది. డల్లాస్‌లో దిగి నాకు ఫోన్ చేసి ముందు తిట్టాల్సినవాళ్లను తిట్టాడు. తర్వాత కాసేపు ఆగి, “మీ ఊళ్లో ఎలా ఉంది?” అన్నాడు. అలా అడగడం అదే మొదటిసారి.

దాడుల జోరు నవంబర్ మధ్యకు తగ్గింది, దాడులు చేసిన బోర్డర్ పెట్రోల్ దళం నార్త్ కరోలినాలోని షార్లెట్ వైపు మళ్లింది. తర్వాత మినియాపోలిస్‌లోనూ ఇలాంటి దాడులే జరిగాయి.

ఆఫీసు కుర్రాడు అక్టోబర్లో నాకొక ప్లాస్టిక్ విజిల్ ఇచ్చాడు. ఊరంతా పంచిపెట్టారు అవి. ఏజెంట్లు కనబడితే చిన్న చిన్నగా ఆపి ఆపి ఊదాలి, ఎవరినైనా పట్టుకుంటుంటే గుక్క తిప్పుకోకుండా ఊదాలి. మొహమాటానికి తీసుకుని తాళాల గుత్తికి తగిలించుకున్నాను, ఒక్కసారీ ఊదలేదు. ఒక ఆదివారం మా చిన్నాడు దాన్ని తీసుకెళ్లి వాకిట్లో నిలబడి పొడుగ్గా ఊదాడు. నేను లోపలి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి పక్కింటాయన రోడ్డు మీదున్నాడు. 2024లో వాళ్ల లాన్‌లో ట్రంప్ బోర్డు ఉండేది. కాళ్లకు చెప్పులు కూడా లేవు, చేతిలో ఫోన్ వీడియోకు సిద్ధంగా పట్టుకుని, “ఎక్కడ?” అని అడుగుతున్నాడు.