లా నినా వస్తే ఢిల్లీ గాలి బాగుపడుతుందంటున్నారు, మరి అనంతపురంలో?

ప్రశ్న: లా నినా ఏడాదిలో ఉత్తరాదిన కాలుష్యం తగ్గిందని చదివాను. మేం అనంతపురంలో ఉంటాం, నాన్నకు ఆయాసం ఉంది. ఇక్కడా తగ్గుతుందా? ఎల్ నినో వస్తే ఏమవుతుంది?

జవాబు:

తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. చలికాలం వరకైతే మనకు తిరగబడే అవకాశమే ఎక్కువ.

మీరు చదివింది బహుశా 2022-23 చలికాలం సంగతి అయ్యుంటుంది. వరసగా మూడో చలికాలం లా నినా, అంటే పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కంటే చల్లబడడం, నడిచిన ఏడాది అది. ఢిల్లీ పక్కనున్న ఘజియాబాద్‌లో పీఎం2.5, అంటే గాలిలోని అతి సన్న రేణువులు, దాదాపు మూడో వంతు తగ్గింది. అదే చలికాలం ముంబైలో 30 శాతం, బెంగళూరులో 20 శాతం పెరిగింది. బెంగళూరులోని నియాస్ అనే పరిశోధన సంస్థలో పనిచేసే శాస్త్రవేత్త గుఫ్రాన్ బేగ్ బృందం తేల్చిన లెక్క ఇది. వాళ్లు చెప్పిన కారణం ఏమంటే, పై ఎత్తులో ఉత్తరపు గాలి గట్టిగా వీచి అక్కడి పొగను అక్కడే చుట్టూ తిరగనీయకుండా దక్షిణానికి తోసింది. ఇటువైపు నేల దగ్గర గాలి మందగించింది. వచ్చిన పొగ, ఇక్కడిదే అయిన పొగ, రెండూ కదలకుండా కూర్చున్నాయి. వార్తల్లో మొదటి సగమే ఎక్కువగా తిరిగింది. బెంగళూరు మనకు రెండొందల కిలోమీటర్ల దూరం, కాబట్టి మనం చూసుకోవాల్సింది రెండో సగం.

పసిఫిక్ మధ్య భాగంలో, నినో 3.4 అనే పట్టీలో నీటి వేడి మామూలు కంటే 0.5 డిగ్రీలు పెరిగి అలాగే నిలబడితే ఎల్ నినో, అంతే తగ్గి నిలబడితే లా నినా. మన సీమకు దాని ప్రభావం ఏడాదిలో రెండుసార్లు, రెండు రకాలుగా తగులుతుంది. అందుకే ‘ఎల్ నినో మంచిదా చెడ్డదా’ అని అడిగితే ఏ నెలలో అని ఎదురు అడగాలి.

ముందు ముంగారు, అంటే నైరుతి వానల కాలం, చూద్దాం. ఎల్ నినో ఏడాదిలో నైరుతి రుతుపవనాలు నీరసించే మొగ్గు ఉంటుంది. 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద వాన 36 శాతం తక్కువ పడింది, 1901 నుంచి అంత ఎండిన ఆగస్టు లేదు. వాన పోయినా మనకు ఆషాఢం గాలి మాత్రం ఆగదు. రామగిరి, కదిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకునే కదా. దుక్కి చేసి, విత్తనం పడక, పచ్చ లేకుండా పడున్న ఎర్రనేల పైపొర ఎండి పిండి అవుతుంది. గాలి సెకనుకు 6, 7 మీటర్లు దాటిందంటే ఆ పిండి లేస్తుంది. నేల తడిగా ఉంటే అదే గాలికి రేణువు కదలదు. కాబట్టి ఎల్ నినో ముంగారులో మనకు పెరిగేది ముఖ్యంగా దుమ్ము, అంటే పీఎం10 లెక్కలోకి వచ్చే లావు రేణువులు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున ఇసుక మేటలు పొలాల మీదికి జరగడం చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. తాడిపత్రి, బేతంచెర్ల పాలిష్ యూనిట్ల దగ్గర ఆరుబయట పోసిన రాతిపొడి, ఎర్రగుంట్ల సిమెంటు లారీల రోడ్డు దుమ్ము కూడా ఇలాంటివే: వాన పడితే అణుగుతాయి, లేకపోతే ప్రతి లారీకీ మళ్లీ లేస్తాయి.

అక్టోబరు నుంచి లెక్క మారుతుంది. ఎల్ నినో ఏడాదిలో ఈశాన్య రుతుపవనాలు దక్షిణాన బలంగా ఉండే మొగ్గు, లా నినాలో బలహీనపడే మొగ్గు. కడప జిల్లాకు ఈ వానలు చాలా ముఖ్యం. అవి తగ్గితే చలికాలంలోకి పొడిగా అడుగుపెడతాం. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నేల చల్లబడి, దాని పైన వెచ్చటి గాలి మూత వేసినట్టు పరుచుకుంటుంది. వేసవి మధ్యాహ్నం రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు వరకు కలిసిపోయే పొగ, ఆ వేళ కొన్ని వందల మీటర్లలోనే ఇరుక్కుంటుంది. చుట్టూ నల్లమల, పాలకొండలు ఉన్న కడపలో ఇది ఇంకా గట్టిగా పడుతుంది. అప్పుడు పెరిగేది సన్నపొగ, పీఎం2.5: డీజిల్, చెత్త కాల్చడం, చలిమంటలు, ఆదోని వైపు కాల్చే పత్తికట్టె.

ఇవన్నీ మొగ్గులే, జాతకం కాదు. 2009 ఎల్ నినో కరువు ఏడాది, దేశంలో వాన మామూలులో 78 శాతమే. ఆ ఏడాదే అక్టోబరు మొదట్లో కర్నూలు నీట మునిగింది. 2021 లా నినా ఏడాది, ఈశాన్య వానలు తగ్గాలి. నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామే కొట్టుకుపోయింది. హిందూ మహాసముద్రానికి తన సొంత ఊగిసలాట ఉంది, దాన్ని డైపోల్ అంటారు. ఆఫ్రికా వైపు నీరు వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడితే పాజిటివ్. 1997లో అంత పెద్ద ఎల్ నినో ఉన్నా మన రుతుపవనాలు మామూలుగా నడవడానికి పాజిటివ్ డైపోల్ సాయపడింది. బంగాళాఖాతంలో ఒక్క వాయుగుండం వచ్చినా రెండు వారాల గాలి కడిగేసి పోతుంది. కాబట్టి ఒక్క నినో అంకె చూసి ఏడాదంతా తేల్చేయకండి.

ఇక నాన్నగారి విషయానికి వస్తే, ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక) ఒక్కటే చూస్తే మోసపోతారు. ఇదిగో లెక్క. జులైలో ఒక రోజు పీఎం10 140, పీఎం2.5 40 మైక్రోగ్రాములు అనుకోండి. ఏక్యూఐ సుమారు 127 వస్తుంది. జనవరిలో ఒక రోజు పీఎం10 110, పీఎం2.5 70. ఏక్యూఐ సుమారు 132. యాప్‌లో రెండూ ఒకే రంగు, ‘మోడరేట్’. కానీ ఏ రోజుకారోజు పీఎం2.5ను పీఎం10తో భాగించండి: జులైలో 0.29, జనవరిలో 0.64. నిష్పత్తి 0.4 లోపు ఉంటే ఎక్కువగా దుమ్ము, 0.6 దాటితే ఎక్కువగా పొగ అనుకోవచ్చు. దుమ్ము ముక్కు, గొంతు, పై గొట్టాలను రేపుతుంది, సన్నపొగ ఊపిరితిత్తుల లోపలికి దిగుతుంది. ఆయాసం ఉన్నవాళ్లకు రెండూ చేటే, జాగ్రత్తలు మాత్రం వేరు.

పొగ రోజుల్లో తెల్లవారి నడక మానాలి. ఉదయం 6 నుంచి 8:30 వరకు ఆ మూత ఇంకా తెరుచుకోదు. ఎండ పట్టాక 10 ప్రాంతంలో నడవమనండి. దుమ్ము రోజుల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఉదయమే హాయి, మధ్యాహ్నం 12 నుంచి 5 వరకు గాలి ఉధృతం. అప్పుడు పడమటి, నైరుతి కిటికీలు మూసి, ఇల్లు చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. తువ్వాలు కట్టుకుంటే లావు దుమ్ము కొంత ఆగుతుంది, పొగ ఆగదు. పొగకు ఎన్95 కావాలి, అదీ ముక్కు దగ్గర సందు లేకుండా. ఆయాసం ఉన్నవాళ్లకు దానితో నడిస్తే ఊపిరి బరువుగా ఉంటుంది కాబట్టి డాక్టరును అడిగే వాడండి.

ఎయిర్ ప్యూరిఫైయర్ కొనేట్టయితే, 12 అడుగుల చదరపు గది, 10 అడుగుల ఎత్తు అంటే సుమారు 41 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి మారాలంటే సీఏడీఆర్, అంటే గంటకు అది శుభ్రం చేసి ఇచ్చే గాలి, 205 ఘనపు మీటర్లకు తగ్గకూడదు. మన దుమ్ముకు దాని ముందువైపు జాలీ త్వరగా మూసుకుపోతుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు వారానికోసారి దాన్ని దులపండి, లేకపోతే లోపలి హెపా ఫిల్టరు గడువుకు ముందే పోతుంది.

చేతిలో పట్టే చవక మీటర్లు చాలామంది కొంటున్నారు. వాటి లేజర్ సెన్సర్ సన్నపొగను ఫరవాలేదన్నట్టు పడుతుంది, లావు దుమ్మును పట్టదు. ఎదురుగా దుమ్ము లేచి వీధి కనపడకపోయినా పీఎం10 తక్కువగా చూపించడం దాని సహజం. చలికాలం మంచు పడే ఉదయాల్లో, గాలిలో తేమ 85 శాతం దాటితే, నీటి తుంపరను కూడా రేణువుగా లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. అంటే మన రెండు సీజన్లలోనూ తప్పే చెబుతుంది, ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ.

ఏ ఏడాది ఎలా ఉందో మీరే పోల్చి చూడాలనుకుంటే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో ఒకే నెలను వేర్వేరు ఏళ్లలో పక్కపక్కన పెట్టండి. జులైని జులైతోనే, ఆ నెల వాన పడిన రోజుల సంఖ్య కూడా పక్కన రాసుకుని. అది ఆటోమేటిక్ స్టేషనా, మాన్యువలా అన్నది ముందు చూసుకోండి. మాన్యువల్ స్టేషన్‌లో వారానికి రెండు రోజులే, ఏడాదికి 104 రోజులు, ఫిల్టరు పెట్టి తూకం వేస్తారు. సోమవారం దుమ్ము లేచి, ఫిల్టరు బుధవారం పెట్టి ఉంటే ఆ దుమ్ము లెక్కలోకే రాదు.