మారిషస్ వెళ్తే మూడు పూటలా రిసార్ట్‌లో తినకండి

పిల్లలతో మారిషస్ వెళ్తున్నామని, తిండికీ భాషకూ ఇబ్బంది అవుతుందా, ఏమేం చూడాలని అడిగారు. మేం మా అత్తగారితో సహా వెళ్లొచ్చాం. ఏ ఇబ్బందీ ఉండదు. మూడు పూటలా భోజనం కలిపిన రిసార్ట్ ప్యాకేజీ మాత్రం తీసుకోవద్దు. పొద్దున టిఫిన్ వరకు చాలు.

అక్కడి అసలు తిండి రోడ్డు మీదే ఉంది. దాల్ పూరీ తినకుండా రాకండి. బొబ్బట్టులో పూర్ణంలా ఇందులో ఉడికించిన బఠాణీ పప్పు పొడి పెట్టి పల్చగా వత్తుతారు. పేరుకు పూరీయే గానీ పెనం మీదే కాలుస్తారు. రెండేసి కలిపి, చిక్కుడు గింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, పచ్చడి వేసి కాగితంలో చుట్టి చేతికిస్తారు. పొద్దున పూట వెళ్లండి, మధ్యాహ్నం దాటితే చాలా బండ్ల దగ్గర అయిపోతాయి. గాతో పిమా అనే పప్పు వడల్ని వెన్న రాసిన బ్రెడ్‌లో పెట్టుకుని తినడం కూడా అక్కడ పొద్దుటి అలవాటే.

మా అత్తగారు శాకాహారి. రాజధాని పోర్ట్ లూయీలో సెంట్రల్ మార్కెట్ దగ్గర క్యూలో నిలబడ్డప్పుడు ఆవిడకి ఒకటే టెన్షన్, కూరలో ఏం వేశారోనని. మా మాటలు విని వెనకాల ఉన్న పెద్దాయన ఏ ఊరని ఇంగ్లీషులో అడిగారు. విశాఖపట్నం అన్నాం. వెంటనే చేతులు జోడించి "సింహాద్రి అప్పన్న" అన్నారు. ఏటా వాళ్లింట్లో అప్పన్న పూజ చేస్తారట. తెలుగు మాట్లాడలేరు, రామ భజనలు మాత్రం నోటికి వచ్చు. ఆ క్యూలోనే ఒక చరణం అందుకున్నారు. మా అత్తగారు తర్వాతి చరణం పాడారు. బండి అబ్బాయి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆవిడ కారం తినలేదని తెలిసి, "సాన్ పిమా" అని ఆయనే చెప్పి మిరపకాయ పచ్చడి లేకుండా కట్టించారు.

ఇక్కణ్నుంచి నడిచి వెళ్లొచ్చు, ఆప్రవాసీ ఘాట్ చూడమన్నదీ ఆయనే. 1834 నుంచి దాదాపు ఐదు లక్షల మంది భారతీయ కూలీలు ఓడ దిగిన రేవు అది. చాలామంది అక్కడి చెరకు తోటల్లోకి వెళ్లారు, కొందరిని వేరే దేశాలకు పంపారు. మన కోరంగి రేవులో ఓడ ఎక్కినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్లు ఎక్కి వచ్చిన 16 రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో జాబితాలో చేరింది. టికెట్ లేదు, ఆదివారం మూసి ఉంటుంది. మన ట్రావెల్ ఏజెంట్ల ప్యాకేజీల్లో ఇది ఎందుకుండదో నాకు అర్థం కాదు. షాపింగ్‌కి సగం రోజు కేటాయిస్తారు, మధ్యాహ్నానికి ఏదో ఇండియన్ రెస్టారెంట్లో పనీర్ కూర పెట్టిస్తారు. తెలుగువాళ్లకి ఈ రేవు చూపించకపోవడం అన్యాయం. పిల్లలకి తప్పకుండా చూపించండి.

భాష గురించి దిగులు పడకండి. అందరూ మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్, కానీ ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, చాలామందికి హిందీ అర్థమవుతుంది. ధర అడిగే ముందు "బొంజూర్" అని పలకరించండి. పలకరించకుండా బేరం మొదలుపెట్టే మనవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేసింది.

షమరెల్ రంగుల నేల, హిందువులు పవిత్రంగా చూసే గంగా తలావ్ సరస్సు ఒకే రోజులో చూడొచ్చు. సముద్రంలోకి దిగేటప్పుడు పిల్లలకి రబ్బరు అడుగున్న నీటి బూట్లు వేయండి, పగడపు ముక్కలు కోసుకుంటాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తూర్పు తీరంలో గాలి ఎక్కువ, అప్పుడైతే పడమర వైపు ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ దగ్గర గది తీసుకోండి. జనవరి నుంచి మార్చి వరకు తుపానుల భయం ఉంటుంది. ఉగాది సమయానికి వెళ్లేలా ఉంటే తేదీ చూసుకోండి, అక్కడ ఆ రోజు ప్రభుత్వ సెలవు, బ్యాంకులు తెరవరు.